పసుపు ఒంటబట్టే దారి

ఈ మధ్య మా చికిత్సాలయానికి వచ్చేవారి నోటా, నాకు లేఖలు వ్రాసే పాఠకుల కలం నుండీ ఒకే ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది. “పసుపులో ఎన్నో సుగుణాలున్నాయని మీరే చెబుతారు. కూరలో వేసే చిటికెడు పసుపు ఏ మూలకు సరిపోతుంది? దాని సారం తీసి, మిరియాల సారం కలిపి, ఇరవై రెట్లు ఎక్కువగా ఒంటబట్టేటట్లు చేసిన కాప్సూల్స్ దొరుకుతున్నాయి కదా! రోజుకొకటి వేసుకుంటే తప్పేమిటి?”

ఇట్లా అడిగేవారు చదువుకున్నవారు, ఆరోగ్యం పట్ల శ్రద్ధ గలవారు. వారిని ఒక్క ‘వద్దు’తో పంపివేయడం మర్యాద కాదు. మొక్కలలోని ద్రవ్యాలు మన శరీరంలో ఎట్లా జీర్ణమవుతాయి, వాటిలో కొన్నింటిని శరీరం ఎందుకు వెనక్కు నెడుతుంది అన్నది తెలిస్తే జవాబు వారికే స్ఫురిస్తుంది. నా అభిప్రాయం మాత్రం ముందుగానే మనవి చేస్తాను. పసుపు సారం సులభంగా రక్తంలో చేరకపోవడం పసుపులోని లోపం కాదు. అది శరీరం తనకు తాను పెట్టుకున్న కాపలా. ఆ కాపలాను వంటింట్లో కొద్దిగా సడలిస్తే అది ఆహారం. వైద్యుడు లెక్క చూసి, గడువు పెట్టి సడలిస్తే అది ఔషధం. ఎవరికి వారు నెలల తరబడి ఆ తలుపును బార్లా తెరచి ఉంచితే అది ప్రమాదం.

ఒంటబట్టడమంటే ఏమిటి?

‘తిన్న తిండి ఒంటబట్టడం లేదు’ అని మన ఇళ్ళలో పెద్దలు అంటూ ఉంటారు. ఈ చిన్న మాటలో పెద్ద శాస్త్రమున్నది. తినడం వేరు, అరగడం వేరు, ఒంటబట్టడం వేరు. ఆయుర్వేదం జఠరాగ్ని ఒకటి, భూతాగ్నులు ఐదు, ధాత్వగ్నులు ఏడు, వెరసి పదమూడు అగ్నులను చెప్పింది. కడుపులో ఉడికినంత మాత్రాన పని పూర్తి కాలేదనీ, ప్రతి ధాతువు దగ్గరా మళ్ళీ ఒక పాకం జరగాలనీ దీని భావం. అగ్నికి ఆశ్రయమైన అవయవాన్ని ‘గ్రహణి’ అన్నారు. అన్నాన్ని పక్వమయ్యేదాకా పట్టి ఉంచి, పక్వమైన పిమ్మట క్రిందికి విడిచేది గనుక దానికి ఆ పేరు వచ్చింది.

ఆధునిక శాస్త్రం ఇదే ప్రయాణాన్ని తన పరిభాషలో వివరిస్తుంది. ఈ రెండు పరిభాషలూ ఒకటేనని నేను అనను. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం లాభమున్నది. మొక్కలోని ప్రతి కణానికీ సెల్యులోజ్ అనే గట్టి గోడ ఉంటుంది. దానిని కరిగించే ఎంజైములు మనిషి జీర్ణకోశం తయారు చేయదు. కనుక నమలడం, దంచడం, నూరడం, ఉడికించడం ద్వారా ఆ గోడను మనమే బద్దలు కొట్టాలి. లోపలి నుండి బయటపడిన ద్రవ్యాలలో నీటిలో కరిగేవి ఒక దారిన, కొవ్వులో మాత్రమే కరిగేవి మరొక దారిన పోతాయి. రెండవ రకానికి నూనో నెయ్యో తోడు కావాలి. పిత్తాశయం నుండి వచ్చే పైత్యరసం ఆ కొవ్వును సూక్ష్మమైన బిందువులుగా విడగొట్టి ప్రేగు గోడకు చేర్చాలి.

ప్రేగు గోడ కూడా వచ్చినదానినల్లా లోపలికి రానివ్వదు. కొన్నింటిని తిరిగి ప్రేగులోకే నెట్టివేస్తుంది. కొన్నింటికి అక్కడికక్కడే మరొక పదార్థాన్ని జోడించి, సులభంగా విసర్జింపబడే రూపంలోకి మారుస్తుంది. దీనిని దాటినవి చాలావరకు నేరుగా గుండెకు పోవు. ముందు కాలేయానికి చేరుతాయి. అక్కడ మళ్ళీ తనిఖీ. ఇన్ని అంచెలు దాటిన తరువాత మిగిలినదే శరీరమంతటా తిరుగుతుంది. మొక్కలు తమను తినే పురుగుల నుండి కాపాడుకొనేందుకు చేదు, వగరు, కారం గల ద్రవ్యాలను తయారు చేసుకుంటాయి. అటువంటి ద్రవ్యాలతో నిండిన ఆకులను, దుంపలను తింటూ బ్రతికిన మనిషికి ఈ తనిఖీ లేకపోతే మనుగడే లేదు.

వంటింటి ఏర్పాట్లు

ఏ ద్రవ్యాన్ని ఎట్లా ఒంటబట్టించాలో మన వంటిల్లు చాలాకాలం క్రితమే అనుభవంతో నేర్చుకున్నది. రెండు మూడు ఉదాహరణలు చాలు.

మునగాకు, తోటకూర, కరివేపాకులలో బీటా కెరోటిన్ ఉన్నది. శరీరం దీని నుండి విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. ఇది కొవ్వులో కరిగేది. 2004లో అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పచ్చి కూరగాయల ముక్కలను కొవ్వు ఏమాత్రం లేని రసంతో కలిపి కొందరికి పెట్టి చూస్తే, ఈ జాతి ద్రవ్యాలు రక్తంలో దాదాపుగా చేరనే లేదు. నూనె కలిపినప్పుడు చేరాయి. మునగాకును నూనె పోపులో వేయించి, నువ్వుల పొడి చల్లే మన ఇల్లాలు చేసేదీ ఇదే పని. నూనె వద్దని ఆవిరి మీద ఉడికించిన ఆకులు తినేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒక పూటకు ఒక చెంచాడు నూనె చాలు; గిన్నెడు అవసరం లేదు.

ఇనుము సంగతి మరొక తీరు. ఆకుకూరలలో, పప్పులలో ఉన్న ఇనుము మొండిది, సులభంగా లోపలికి రాదు. పులుపులోని విటమిన్ సి దానిని లొంగదీస్తుంది. పప్పు దించిన తరువాత నిమ్మరసం పిండే మన నిమ్మకాయ పప్పులో విటమిన్ సి పొయ్యి మీద నశించదు. పప్పులోని ఇనుముకు తోడుగా ఉంటుంది. భోజనం చేసిన వెంటనే త్రాగే టీ దీనికి పూర్తిగా విరుద్ధం. టీలోని వగరు ద్రవ్యం ఇనుమును పట్టుకొని లోపలికి పోనివ్వదు. రక్తహీనత గల ఆడపిల్లలకు ఇనుము మాత్రలు కొనిపెట్టి, అన్నం తినగానే టీ ఇచ్చే ఇళ్ళు నేను ఎన్నో చూశాను.

100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. కానీ రాగులలోనే ఉన్న ఫైటేట్ అనే ద్రవ్యం ఆ కాల్షియంను, ఇనుమును కట్టిపడవేస్తుంది. నానబెట్టి మొలకెత్తించినా, పిండిని రాత్రంతా పులియబెట్టి అంబలి కాచినా ఆ కట్టు కొంత సడలుతుంది. అవిసె గింజలను అట్లాగే మింగితే చాలావరకు అట్లాగే బయటికి పోతాయి. దోరగా వేయించి, కారంపొడిగా కొట్టుకుంటేనే వాటిలోని నూనె దక్కుతుంది. మన త్రిఫలాలలోని కరక్కాయ, ఉసిరికాయల వగరును సైతం మనం స్వయంగా పూర్తిగా అరిగించుకోలేము. పెద్ద ప్రేగులో ఉండే సూక్ష్మజీవులు దానిని చిన్న చిన్న ద్రవ్యాలుగా విడగొడితే, వాటిని శరీరం గ్రహిస్తుంది. ఆ సూక్ష్మజీవులు అందరిలోనూ ఒకే తీరుగా ఉండవు. కనుకనే ఒకే త్రిఫల చూర్ణం ఇద్దరిలో రెండు విధాలుగా పని చేయడం చూస్తాము.

ఇందులో ఏ ఒక్కటీ ఒంటరి ద్రవ్యం చేసే పని కాదు. తోడు, సంస్కారం, మోతాదు, వేళ కలిసి చేసే పని.

పసుపు, మిరియం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. పసుపు కొమ్ములో రంగునూ గుణాన్నీ ఇచ్చే ప్రధాన ద్రవ్యం కర్క్యుమిన్, దాని తోబుట్టువులు. ఇవన్నీ కలిపి పసుపు బరువులో సుమారు 3 శాతం ఉంటాయి. ఒక చెంచాడు పసుపు 3 గ్రాములు అనుకుంటే అందులో ఇవి 90 మిల్లీగ్రాములు. కర్క్యుమిన్ నీటిలో దాదాపుగా కరగదు. కరిగి లోపలికి వచ్చిన కొద్దిపాటి కూడా ప్రేగు గోడలో, కాలేయంలో వెంటనే రూపం మార్చుకొని బయటికి పోతుంది.

1998లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు దీనిని మనుషులలో పరీక్షించారు. 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో అది కనిపించీ కనిపించనట్లుగా ఉన్నది. దానితో పాటు మిరియంలోని కారపు సారమైన పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే, శరీరానికి అందిన పాలు 2000 శాతం పెరిగింది. నేడు ప్రకటనలలో చూస్తున్న ‘ఇరవై రెట్లు’ అన్న మాటకు మూలం ఇదే. మాట అబద్ధం కాదు. కానీ కనిపించీ కనిపించని దానికి ఇరవై రెట్లు అంటే ఎంత అన్నది ప్రకటన చెప్పదు. మిరియం ఈ పని ఎట్లా చేసిందన్నది అసలే చెప్పదు.

పైపరిన్ కర్క్యుమిన్‌కు కొత్త బలమేమీ ఇవ్వలేదు. పైన చెప్పిన తనిఖీని కాసేపు నిద్రపుచ్చింది, అంతే. ప్రేగు గోడ, కాలేయం చేసే రూపాంతర క్రియను మందగింపజేసింది. లోపలికి వచ్చినదానిని వెనక్కు నెట్టే యంత్రాంగాన్ని అడ్డుకున్నది. కాపలాదారు నిద్రిస్తే చుట్టమొక్కడే లోపలికి రాడు. ఆ తలుపు నుండి ఇతర మందులు కూడా ఎక్కువ మోతాదులో వచ్చేస్తాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, గుండెకూ రక్తపోటుకూ వాడే ప్రొప్రనొలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిల్లిన్ రక్తంలో పెరుగుతాయని మన దేశంలోనే మనుషులపై జరిగిన పరిశోధనలలో తేలింది.

ఈ మార్గంలో మొదట నడిచినవారు మనవారే. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాశాలలో డాక్టర్ సి.కె. అటల్, వారి సహచరులు 1970ల చివర, 1980ల మొదట్లో ఒక ప్రశ్న వేసుకున్నారు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిసిన త్రికటుకం ఆయుర్వేద యోగాలలో ఇంత విరివిగా ఎందుకు కనిపిస్తుంది? తక్కిన ఔషధాన్ని ఒంటబట్టించడం కొరకే కావచ్చునన్న ఊహతో మొదలైన ఆ కృషి చాలా దూరం వెళ్ళింది. 2009లో క్షయకు వాడే రిఫాంపిసిన్ మోతాదును 450 మిల్లీగ్రాముల నుండి 200కు తగ్గించి, 10 మిల్లీగ్రాముల పైపరిన్ చేర్చిన మందు మన దేశంలో విడుదలైంది. ఒక్కసారి ఆలోచించండి. 10 మిల్లీగ్రాముల మిరియపు సారంతో క్షయ మందు మోతాదును సగానికి పైగా తగ్గించవచ్చునని వైద్యులు భావించారంటే, ఆ సారాన్ని ‘ఏమీ చేయని వంటింటి వస్తువు’ అనడం ఎట్లా కుదురుతుంది?

చరకుని హెచ్చరిక

గురుకులంలో మా గురువుగారు విద్యార్థిని పరీక్షించేటప్పుడు మందు పేరు కన్నా ముందు అనుపానం అడిగేవారు. తేనెతోనా, నేతితోనా, మజ్జిగతోనా? అన్నానికి ముందా, తరువాతా? ఎన్ని రోజులు? ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు మందు గిన్నె ముట్టుకోవడానికి వీలులేదు.

ఆ పట్టుదలకు ఆధారం చరక సంహితలోని విమానస్థానం. దాని మొదటి అధ్యాయంలోనే చరకుడు మూడు వస్తువులను అతిగా వాడరాదని నిషేధించాడు. అవి పిప్పళ్ళు, క్షారం, ఉప్పు. పిప్పలి చెడ్డదని కాదు. అది ఉత్తమమైన ఔషధం. యోగవాహి, అంటే తనతో కలిసిన ద్రవ్యపు గుణాన్ని మోసుకొనిపోయేది. అయినా అతిగా వాడితే మొదట మేలు చేసినట్లు కనిపించి, క్రమంగా దోషాలను పోగు చేస్తుందని హెచ్చరించాడు. వర్ధమాన పిప్పలి రసాయనంలో పిప్పళ్ళను ఎక్కువగా వాడే మాట నిజమే. అక్కడ కూడా పాలతో, రోజురోజుకు లెక్కగా పెంచి, తిరిగి లెక్కగా తగ్గించి ముగించే క్రమమున్నది. నెలల తరబడి ఒకే మోతాదు మింగమని లేదు. పిప్పలి, మిరియం ఒకే కుటుంబపు తీగలు. పైపరిన్ రెండింటిలోనూ ఉన్నది. మిరియపు సారంతో ప్రతిరోజూ తలుపు తెరిచే నేటి కాప్సూల్‌కు ఆ హెచ్చరిక ఎంతగా వర్తిస్తుందో చూడండి.

అదే అధ్యాయంలో ఆహారాన్ని ఎంచడానికి ఎనిమిది అంశాలు చెప్పబడ్డాయి. ద్రవ్యపు ప్రకృతి, దానికి చేసిన సంస్కారమైన కరణం, ఇతర ద్రవ్యాలతో సంయోగం, పరిమాణమైన రాశి, దేశం, కాలం, తినే నియమమైన ఉపయోగ సంస్థ, తినేవాడైన ఉపయోక్త. మన ఇంటి మిరియాల చారునూ, అంగడి కాప్సూల్‌నూ ఈ ఎనిమిదింటితో తూచి చూస్తే తేడా స్పష్టమవుతుంది.

రాశి సంగతి మొదట చూద్దాము. అంగళ్ళలో తరచుగా కనిపించే 500 మిల్లీగ్రాముల కాప్సూల్‌లో 95 శాతం శుద్ధ సారం, అంటే 475 మిల్లీగ్రాములు ఉంటుంది. పసుపు లెక్కలో అది సుమారు 16 గ్రాములు, ఐదు చెంచాలకు పైమాటే. ఐదు చెంచాల పసుపు వేసిన కూరను ఒక మనిషి ఒక్కడే తినడం మీరెప్పుడైనా చూశారా? ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం ఆహారంలో కలిపే కర్క్యుమిన్‌కు రోజుకు శరీరపు బరువులో కిలోకు 3 మిల్లీగ్రాముల వరకు అన్న పరిమితి పెట్టింది. 60 కిలోల మనిషికి ఇది 180 మిల్లీగ్రాములు. ఇంటి వంటలో మనిషికి రోజుకు 2 గ్రాముల పసుపు పడినా 60 మిల్లీగ్రాములు దాటదు. ఒక్క కాప్సూల్ మాత్రం ఆ హద్దుకు రెండున్నర రెట్లు దాటిపోతుంది.

సంయోగం చూద్దాము. చారులోనూ మిరియమున్నది. రెండు మూడు మిరియపు గింజలలో సుమారు 5 మిల్లీగ్రాముల పైపరిన్ ఉంటుంది. చాలా కాప్సూల్స్‌లోనూ అంతే ఉంటుంది. కానీ చారులో తెరిచిన తలుపు ముందు నిలుచున్నది చిటికెడు పసుపు. కాప్సూల్‌లో నిలుచున్నది ఐదు చెంచాల పసుపు సారం. తలుపు ఒకటే, వచ్చే జనసమ్మర్దం వేరు.

కాలం, ఉపయోగ సంస్థ చూద్దాము. చారు అన్నంతో, నేతితో, పప్పుతో, ఆకలి వేళ తింటాము. నేడు చారు, రేపు పులుసు, ఎల్లుండి మజ్జిగ పులుసు. కాప్సూల్‌ను చాలామంది పరగడుపున, పండుగ లేదు పబ్బం లేదు, ఏడాది పొడుగునా మింగుతారు. ఇక ఉపయోక్త. సమాగ్ని, విషమాగ్ని, తీక్ష్ణాగ్ని, మందాగ్ని గలవారందరికీ సీసా మీద వ్రాసిన మోతాదు ఒక్కటే.

కాలేయం చెప్పిన సాక్ష్యం

ఇది కేవలం శాస్త్ర చర్చ కాదు. నా వద్దకు మోకాళ్ళ నొప్పులతో వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకనాడు ఆకలి లేదనీ, ఒళ్ళంతా దురదగా ఉన్నదనీ చెబుతూ వచ్చారు. చూడగానే కళ్ళలో పచ్చదనం కనిపించింది. ఏయే మందులు వాడుతున్నారని అడిగితే రక్తపోటు మాత్ర ఒక్కటే అన్నారు. మూడవసారి గుచ్చి అడిగితే, విదేశంలో ఉన్న కుమారుడు పంపిన పసుపు కాప్సూల్స్ నాలుగైదు నెలలుగా రోజుకు రెండు వేసుకుంటున్న సంగతి బయటపడింది. “అది పసుపే కదండీ డాక్టరుగారూ! మందు కాదని మీకు చెప్పలేదు” అన్నారు. “అమ్మా, కూరలో ఉన్నంతవరకే అది పసుపు. సీసాలోకి ఎక్కిన తరువాత మందే” అని చెప్పి, ఆ సీసాతో సహా వారిని కాలేయ వైద్య నిపుణుని వద్దకు పంపాను. రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములు బాగా పెరిగి ఉన్నాయి; కామెర్ల వైరస్‌లు ఏవీ కనిపించలేదు. కాప్సూల్ మానిపించారు. కోలుకోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది.

ఇటువంటి అనుభవాలు దేశదేశాలలో నమోదయ్యాయి. మందుల వలన కాలేయానికి కలిగే హానిని నమోదు చేసే అమెరికా వైద్యుల బృందం 2022లో పసుపు కాప్సూల్స్‌తో ముడిపడిన పదిమంది వివరాలు ప్రచురించింది. వారిలో ఐదుగురు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది, ఒకరు మరణించారు. పరీక్షించిన సీసాలు కొన్నింటిలో పైపరిన్ కూడా ఉన్నది. ఆ పదిమందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యులక్షణం ఉన్నట్లు తేలింది. ఉపయోక్తను చూడకుండా ఆహారాన్ని నిర్ణయించరాదన్న మాట ఎంత లోతైనదో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఇటలీలో 2019లో ఇటువంటి కాలేయ వ్యాధులు పలువురిలో కనిపించాయి. 2022లో అక్కడి ప్రభుత్వం పసుపు ఉత్పత్తులు కాలేయానికి మేలు చేస్తాయన్న ప్రకటనలనే నిషేధించింది. 2023 ఆగస్టులో ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరిస్తూ, మామూలుగా వంటలో వాడే పసుపుకు ఈ ప్రమాదం వర్తించినట్లు కనిపించదని స్పష్టంగా చెప్పింది.

వేలకొలది మంది ఈ కాప్సూల్స్ వాడుతున్నారనీ, కాలేయం దెబ్బతినేది చాలా కొద్దిమందికేననీ అనవచ్చు. అది నిజమే. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ కొద్దిమందిలో మీరున్నారో లేదో ముందుగా చెప్పగల పరీక్ష మీ ఇంట్లో లేదు.

మూడు ఆక్షేపణలు

‘కాప్సూల్ వలన నాకు మోకాళ్ళ నొప్పి తగ్గింది’ అనేవారున్నారు. తగ్గి ఉండవచ్చు. కీళ్ళ నొప్పులలో కర్క్యుమిన్ వలన కొంత ఉపశమనం కలిగినట్లు చూపే పరిశోధనలు ఉన్నాయి. అయితే నొప్పి తగ్గించేది ఔషధమే కనుక, ఔషధానికి ఉండవలసిన నియమాలన్నీ దానికీ ఉండాలి. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు, ఎప్పుడు రక్తపరీక్ష అన్నది వైద్యుడు నిర్ణయించాలి.

‘ఒంటబట్టని పసుపు తినడం వృథా కదా’ అనేవారున్నారు. ఒంటబట్టనిదంతా వృథా కాదు. కూరగాయలలోని పీచును మనం అరిగించుకోలేము. అయినా పెద్ద ప్రేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి, ఆ ప్రేగు గోడకే ఆహారం చేసి పెడతాయి. రక్తంలో చేరితేనే ఫలితమన్న లెక్క సరికాదు; ప్రేగు కూడా శరీరమే.

‘ప్రకృతి సిద్ధమైనది హాని చేయదు’ అన్న మూడవ మాట అన్నింటికన్నా బాధాకరం. దీనిని ప్రచారం చేసినవారిలో మా వృత్తివారూ ఉన్నారు. ఆయుర్వేదం ఆ మాట ఎన్నడూ అనలేదు. విషమైనా యుక్తిగా వాడితే ఔషధమవుతుందనీ, ఔషధమైనా యుక్తి తప్పితే విషమవుతుందనీ అన్నది. నాభిని శుద్ధి చేయనిదే ముట్టుకోని శాస్త్రం మనది.

ఇంటికి పనికివచ్చే నియమాలు

మనిషికి రోజుకు అర చెంచాడు వరకు పసుపును వంటలోనే, నూనె లేదా నేతి పోపుతో, వీలైన చోట నాలుగు మిరియాలతో వాడండి. జలుబు చేసినప్పుడు రాత్రివేళ పాలలో పావు చెంచాడు పసుపు, చిటికెడు మిరియపు పొడి వేసి కాచి త్రాగడం మంచిదే. మూడు నాలుగు రోజులతో ఆపండి.

ఆకుకూరలకు నూనె, పప్పులకు పులుపు, రాగులకు నానబెట్టడం లేదా పులియబెట్టడం, అవిసె గింజలకు రోలు లేదా మిక్సీ. ఈ నాలుగూ గుర్తుంచుకుంటే ‘పోషకాలు చేర్చిన’ పొడుల డబ్బాలు చాలావరకు కొనవలసిన అవసరం రాదు. భోజనానికీ టీకీ మధ్య కనీసం ఒక గంట ఎడం ఉంచండి.

సీసా మీద ‘సారం’, ‘95 శాతం’, ‘పైపరిన్’, ‘ఎన్నో రెట్లు ఒంటబట్టేది’ అన్న మాటలు కనిపిస్తే అది ఆహారం కాదు, మందు అని భావించండి. మూర్ఛ, గుండె జబ్బు, క్షయలకు మందులు వాడేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు, కాలేయ వ్యాధి గలవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా దానిని ముట్టుకోరాదు. ఇప్పటికే వాడుతున్నవారికి ఆకలి చచ్చిపోవడం, వికారం, ఒళ్ళు దురద, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే వెంటనే ఆపివేసి, సీసాతో సహా వైద్యుని వద్దకు వెళ్ళండి. కామెర్లకు నాటు పసరు కొరకు పరుగెత్తవద్దు. విదేశాల నుండి పిల్లలు ప్రేమతో పంపే సీసాల పేర్లు కూడా మీ మందుల చీటీలో వ్రాసి ఉంచుకోండి.

చివరగా ప్రభుత్వానికీ తయారీదారులకూ ఒక విన్నపం. ఆహారానికీ మందుకూ మధ్యనున్న ఇటువంటి ఉత్పత్తులకు మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి. ‘ఆయుర్వేద ఆహారం’ పేరిట 2022లో ప్రత్యేక నిబంధనలూ వచ్చాయి. అయితే చిన్న అక్షరాలలో ఇంగ్లీషులో వ్రాసిన హెచ్చరిక మన ఇంటి పెద్దలకు అందడం లేదు. పసుపు సారం అమ్మే ప్రతి సీసా మీద, ఒక్క కాప్సూల్ ఎన్ని చెంచాల పసుపుకు సమానమో, ఎన్ని వారాలకు మించి వాడరాదో, కళ్ళు పచ్చబడితే ఏమి చేయాలో తెలుగులో, చదవగలిగే అక్షరాలలో ముద్రించాలి. చెంచాల లెక్క చెబితే ఏ ఇల్లాలికైనా అర్థమవుతుంది. ఐదు చెంచాల పసుపు ఒక్కరి కంచంలో వడ్డించవచ్చునా లేదా అన్నది ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు.